మన ఇంటి జంతువు మీద పిల్లల బొమ్మల పుస్తకం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద వేసవి సెలవుల్లో పిల్లలు, వాళ్ళ తల్లులు, ఒకరిద్దరు తాతలు కలిసి బొమ్మల పుస్తకాలు చేస్తుంటాం. ఒక్కో ఇంటికి ఒక్కో పుస్తకం, దాన్నిండా ఆ ఇంటి కుక్కో పిల్లో మేకో. గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి కూడా ఫోన్ చేసి అడుగుతుంటారు. అడిగేవాళ్ళు మారుతున్నారు గానీ సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీ పని ఎక్కడ ఆగిందో నేరుగా ఆ ప్రశ్న దగ్గరికి వెళ్ళి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

పిల్లల పుస్తకం అంటే నీతి కథలో రాజుల కథలో ఉండాలి కదా. మా కుక్క మీద ఎందుకు?

మన ఇళ్ళలో ఒకసారి చెవి పెట్టి వినండి. బడిలో ఒడియా, ఫోన్‌లో హిందీ, ట్యూషన్‌లో ఇంగ్లీషు. అమ్మ తెలుగులో అడిగితే పిల్ల ఒడియాలో జవాబిస్తుంది. అదే పిల్ల, కుక్క చెప్పు ఎత్తుకుపోతుంటే మాత్రం వెంటపడి "ఒరే, చెప్పు ఒగ్గేయ్‌రా!" అని అరుస్తుంది. మా వీధి తెలుగు ఇళ్ళలో కుక్కతో ఒడియా మాట్లాడే పిల్లని నేను ఇంతవరకు చూడలేదు. పిల్లికి అన్నం కలిపేటప్పుడు, దూడని ముద్దు చేసేటప్పుడు, దొడ్లో మొక్క తిన్న మేకని తిట్టేటప్పుడు నోటికి వచ్చేది ఇంటి భాషే. ఆ మాటలు పుస్తకంలోకి రావాలన్నదే నా తపన. రాజుల కథల్లో అవి దొరకవు.

మా పిల్లి రోజంతా పడుకునే ఉంటుంది. దాని మీద కథ ఏం రాస్తాం?

నేను మొదట చేసిన పుస్తకం అలాంటి పిల్లి మీదే. దాని పేరు బూడిద. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో, రాత్రి పొయ్యి చల్లారాక వెళ్ళి అందులో పడుకునేది. పొద్దున మీసాలకి బూడిదతో లేచేది. గ్యాస్ వచ్చాక ఆ వెచ్చదనం కోసం ఇల్లంతా వెతుక్కుంది. కొన్నాళ్ళు బియ్యం డబ్బా మూత మీద, కొన్నాళ్ళు ఇస్త్రీ బట్టల మీద పడుకుని, చివరికి ఇన్వర్టర్ మీద స్థిరపడింది. "బూడిద ఇవాళ ఎక్కడ పడుకుంది?" అన్న ఒక్క ప్రశ్నతో పుస్తకమంతా నడిచింది. మీరూ మూడు రోజులు ఒక నోటు పుస్తకం పట్టుకుని చూడండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అది ఎక్కడుంది, దేని వంక చూస్తోంది, ఎవరు వస్తే లేస్తోంది అని రాసుకోండి. మూడో రోజుకి కథ కనిపిస్తుంది.

మాకు రెండు కుక్కలు, ఒక ఆవు, కోళ్ళు ఉన్నాయి. అన్నీ పెట్టొచ్చా?

ఒక పుస్తకానికి ఒక్కటే. మిగతావి వెనక గోడ దగ్గర కనిపిస్తే చాలు.

ఏ వయసు పిల్లలకి ఎన్ని మాటలు ఉండాలి?

ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల లెక్క 500 మాటల లోపు అంటారు. ఆ లెక్క తెలుగుకి అలాగే సరిపోదు. "పరిగెత్తుకుంటూ వచ్చేసినప్పుడల్లా" అన్నది మనకి రెండే మాటలు గానీ, చదివే పిల్లకి అది కొండ ఎక్కినంత పని. అందుకే నేను మాటలు కాదు, వరుసలు లెక్కపెడతాను. మూడేళ్ళ లోపు పిల్లకి పేజీకి ఒక వరుస, అదీ నాలుగైదు మాటలు. అయిదేళ్ళ పిల్లకి రెండు వరుసలు. ఏడెనిమిదేళ్ళ వాళ్ళకి నాలుగు వరకు వెళ్ళొచ్చు. ఎక్కువైందని అనుమానం వస్తే గట్టిగా చదవండి. ఒక పేజీ ఒక్క ఊపిరిలో చదవలేకపోతే అందులోంచి ఏదో తీసేయాలి.

## కథ

కుక్క మాట్లాడాలా, వద్దా?

రెండూ చేయొచ్చు. మాట్లాడితే అది కుక్కలా ఆలోచించాలి, అంతే. కుక్కకి లోకమంతా వాసనే. రంగుల్లో నీలం, పసుపు బాగా తెలుస్తాయి గానీ ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియదు. అలాంటప్పుడు కుక్క నోట "ఎర్ర చీర కట్టిన అమ్మ వచ్చింది" అనిపిస్తే అది మన మాటే అవుతుంది. "పోపు వాసన వచ్చింది. అమ్మ వచ్చింది" అంటే అది కుక్క మాట. ఒకసారి పిల్లల్ని ఇంట్లో వాళ్ళందరినీ వాసనతో చెప్పమన్నాను. తాత అంటే అమృతాంజనం, నాన్న అంటే పెట్రోలు, చెల్లి అంటే పాలు, పౌడరు అన్నారు. ఒక పేజీ అక్కడికక్కడే తయారైంది.

చివర్లో నీతి చెప్పక్కర్లేదా?

అక్కర్లేదు. ఆ పేజీలో జంతువు బొమ్మ ఇంకొకటి వేయండి.

మా కుక్క పోయినెల చనిపోయింది. పాప కోసం పుస్తకం చేయాలనుంది. చావు గురించి రాయొచ్చా?

రాయండి. రాసేటప్పుడు ఒక్క మాట జాగ్రత్త: "చనిపోయింది" అనే రాయండి. "నిద్రపోయింది" అని రాస్తే చిన్న పిల్లలు నిద్రకి భయపడతారు. "దేవుడు తీసుకెళ్ళిపోయాడు" అంటే రేపు నన్నూ తీసుకెళ్తాడా అని అడుగుతారు. "ఊరెళ్ళింది" అంటే ఎదురుచూస్తారు. మా వీధిలో ఒక పాపకి అలాగే చెప్పారు. ఆ పాప రోజూ బడి నుంచి రాగానే గేటు దగ్గరున్న సత్తు గిన్నెలో పాత నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోసేది. చాలా రోజులు పోసింది. ఆ తర్వాత వాళ్ళమ్మ ఆగలేక నిజం చెప్పేసింది. పాప ఆ గిన్నె తెచ్చి లోపల పెట్టుకుంది.

పుస్తకం చేసినప్పుడు ఆ గిన్నే ఒక పేజీ అయింది. ఎడమ పేజీలో గిన్నె, కుడి పేజీ ఖాళీ, మాటలు లేవు. చదివించిన ప్రతిసారీ పిల్లలు అక్కడ ఆగుతారు, ఏదో ఒకటి మాట్లాడతారు. వాళ్ళకి ఆ చోటు ఇవ్వాలి. మీ పుస్తకంలో దాని బతుకు ఎక్కువ పేజీలు ఉండాలి, చావు రెండు మూడు పేజీలు చాలు. చివరి పేజీలో కొత్త కుక్కపిల్లని తెచ్చి ఆ దుఃఖాన్ని చెరిపేయొద్దు. నెల రోజులే అయింది కాబట్టి తొందర కూడా వద్దు. పాప తనంతట తాను దాని కబుర్లు చెప్పడం మొదలుపెట్టాక కూర్చోండి.

కథ రాసేశాను. దాన్ని పేజీలుగా ఎలా విడగొట్టాలి?

బొమ్మల పుస్తకం ఎక్కువగా 32 పేజీలు ఉంటుంది. ప్రెస్సు వాళ్ళ లెక్క ఫారాల్లో (ఒక పెద్ద కాగితం మీద ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్టల్లో) నడుస్తుంది కాబట్టి 16, 24, 32 అయితే కాగితం వృథా కాదు. మధ్యలో పిన్ కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగుతో భాగం అయితీరాలి.

ముందు ఒక నమూనా కట్టుకోండి. ఎనిమిది తెల్ల కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకి మడిస్తే 32 పేజీలు వస్తాయి. పేరు పేజీకి, వివరాల పేజీకి, అంకితానికి కొన్ని వదలండి. మిగిలిన వాటిలో పెన్సిల్‌తో గీతల బొమ్మలు వేసి మాటలు రాయండి. ఇప్పుడు పేజీ తిప్పి చూడండి. బొమ్మల పుస్తకానికి ఉన్న బలమంతా ఆ తిప్పడంలోనే ఉంది. "మంచం కింద లేదు, మరి ఎక్కడుంది?" అన్నది కుడి పేజీలో ఆగాలి, జవాబు తిప్పాక రావాలి. రెండూ పక్కపక్కనే ఉంటే పిల్ల కన్ను ముందే జవాబు మీద పడుతుంది. నమూనా లేకుండా నేరుగా రంగులు మొదలుపెట్టినవాళ్ళు పదో పేజీ దగ్గర ఆగిపోవడం చాలాసార్లు చూశాను.

మా కథలో వీధి కుక్క ఉంది. దాన్ని పిల్లాడు వాటేసుకుంటాడు. ఫర్వాలేదా?

ఇంట్లో పెరిగిన కుక్క అయితే ఫర్వాలేదు. తెలియని వీధి కుక్కని వాటేసుకుంటున్న బొమ్మ చూస్తే పిల్లలు అలాగే చేస్తారు. తింటున్న కుక్కని, పిల్లలకి పాలిస్తున్న కుక్కని ముట్టుకునే బొమ్మలు అసలు వద్దు. పిల్లాడు కాస్త దూరంలో గొంతుక్కూర్చుని, కుక్క తనంతట తాను దగ్గరికి రావడం చూపించండి. బొమ్మగా కూడా అదే బాగుంటుంది. వెనక అట్ట మీద పెద్దవాళ్ళ కోసం ఒక మాట రాయండి: కుక్క కరిచినా గోరు గీరినా వెంటనే 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పసుపు, కారం పెట్టకూడదు.

కుక్కకి చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ పెట్టే బొమ్మలూ వద్దు. అవి దానికి విషం.

## భాష

మా పాపకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బడిలో ఒడియానే. ఈ పుస్తకం ఎవరు చదువుతారు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఇంట్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఒక్కరున్నా తెలుగు లిపిలోనే చేయండి. బొమ్మల పుస్తకం వినడానికి కూడా ఉంటుంది. పాప బొమ్మ చూస్తుంటే అమ్మమ్మ చదువుతుంది. పదిసార్లు విన్నాక పాప పేజీ తిప్పుతూ అప్పజెప్పేస్తుంది. అప్పజెబుతూ అక్షరం మీద వేలు పెట్టడం మొదలైతే చదువు మొదలైనట్టే.

ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాకపోతే, కొందరు తెలుగు మాటల్ని ఒడియా అక్షరాల్లో రాసుకుంటారు. తప్పు లేదు. అయితే రెండు చోట్ల చిక్కొస్తుంది. ఒడియా లిపిలో ఎ, ఏలకి వేరువేరు అక్షరాలు లేవు, ఒ, ఓలకీ లేవు. "తోక కొన" అని రాసినా "తోక కోన" అని రాసినా ఒకేలా ఉంటుంది. ఇంకొకటి, ఒడియా చదివే పిల్ల అకారాన్ని కాస్త ఒకారంలా పలుకుతుంది. "కల" అన్నది "కొలొ" అయిపోతుంది. ఇల్లు దాటని పుస్తకమైతే ఫర్వాలేదు, పాప మాట విని ఎవరో ఒకరు సరిచేస్తారు. అచ్చు వేసేదైతే తెలుగు లిపిలో పైన, ఒడియాలో అనువాదం కింద పెట్టడం మేలు.

తెలుగు, ఒడియా రెండూ ఒకే పేజీలో పెడితే గందరగోళం అవదా?

చోటు ముందే అనుకుంటే అవదు. తెలుగు ఎప్పుడూ ఒకే చోట, ఒడియా ఎప్పుడూ ఒకే చోట ఉండాలి. రంగు కూడా వేరు చేయొచ్చు. ఒక్కో భాషకి ఒక్క వరుస దాటనివ్వొద్దు. ఒడియా మాటకి మాట పెట్టకుండా, ఆ భాష ఇంట్లో మాట్లాడే పొరుగావిడని పిలిచి చదివించండి. పిల్లి "బిలేఇ", కుక్క "కుకుర", మేక "ఛేళి" అని పిల్లలకి ఎలాగూ తెలుసు. వాళ్ళు నవ్వుకుంటూ రెండు పేర్లూ పిలుస్తారు.

ఆవు మీద పుస్తకమైతే మన సరిహద్దు ఊళ్ళకి ఒక అదృష్టం ఉంది. కనుమకి మనం పశువులకి పసుపు, కుంకుమ పెడతాం. రాఖీ పున్నమినాడు ఒడియావాళ్ళు గమ్హా పున్నమి చేసి పశువుల్ని పూజిస్తారు. ఒకే ఆవు మెడలో ఏడాదికి రెండుసార్లు దండ పడుతుంది. ఆ రెండు దండలు ఎదురెదురు పేజీల్లో వేసి చూడండి.

మన యాసలో రాస్తే నవ్వుతారేమో. పుస్తకాల తెలుగులో రాయాలా?

ఈ సందేహం పర్లాకిమిడిలో రాకూడదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఇక్కడి కొండల్లో ఉండే గిరిజనులు సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు ఉండాలని వాటినీ తయారుచేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఊరు ఇటు వచ్చింది గానీ, ఇళ్ళలో మాట అదే ఉంది.

నేను చేసేది ఇది: కథ నడిపే వాక్యాలు అందరికీ తెలిసే తెలుగులో రాస్తాను. సంభాషణలు ఇంట్లో ఎలా అంటారో అలాగే ఉంచుతాను. "ఏటిరా, అన్నం తిన్నావా?" అని తాత కుక్కని అడిగితే "ఏమిటిరా" అని దిద్దను. "గుంటడు" అన్నది "పిల్లాడు" చేయను. హైదరాబాదులో పెరిగే పిల్లకి అర్థం కాకపోతే వాళ్ళమ్మని అడుగుతుంది.

పిల్లలే సొంతంగా చదువుకునేలా ఒత్తులు లేకుండా రాయొచ్చా?

ప్రయత్నించండి గానీ పంతానికి పోవద్దు. మేక, ఆవు, దూడ, కోడి, చిలుక, బాతు ఒత్తులు లేనివి. మనకి అందరికంటే దగ్గరైన కుక్కకీ పిల్లికీ మాత్రం ఒత్తులున్నాయి! కొత్తగా చదివే పిల్లల కోసమైతే జంతువుకి ఒత్తు లేని పేరు పెట్టి ఆ పేరుతోనే నడిపించండి. "రాజా వచ్చాడు" బదులు "రాజా పరుగున ఇటే" అన్నా అర్థమవుతుంది. అయితే ఒత్తు తీసేయడం కోసం ఎవరూ అనని మాట పెడితే కథ బిగుసుకుపోతుంది. ఆ చోట ఒత్తునే ఉండనివ్వండి.

## బొమ్మలు

నాకు బొమ్మలు వేయడం అస్సలు రాదు. ఎలా?

పాత క్యాలెండర్లు, పెళ్ళి కార్డులు, దర్జీ కొట్లో మిగిలిన గుడ్డ ముక్కలు కత్తిరించి అతికించండి. ఒకావిడ తన మేక చుక్కిని మొత్తం పాత చీర ముక్కలతో చేసింది. నల్ల జాకెట్టు గుడ్డ ఒళ్ళు, తెల్ల అంచు ముక్క నుదుటి చుక్క. అంత బాగా మా అరుగు మీద రంగులు వేసేవాళ్ళెవరికీ రాలేదు. వేలిముద్రలతో కోడిపిల్లలు, ముగ్గు పిండితో పాదాలు కూడా వేయొచ్చు. ముగ్గు వేసే చెయ్యి ఉన్నవాళ్ళు "నాకు రాదు" అంటే నేను నమ్మను.

ఒక్కో పేజీలో ఒక్కో కుక్కలా వస్తోంది. ఏం చేయాలి?

ఒక పెద్ద కాగితం మీద దాని రూపం ముందే తేల్చుకోండి. ఎదురుగా, పక్కగా, వెనక నుంచి, పడుకుని, పరిగెడుతూ వేయండి. పక్కన గుర్తులు రాయండి: ఎడమ చెవి కొన చిరిగింది, కుడి ముందు కాలికి తెల్ల సాక్సు, తోక ఎడమకి చుట్టుకుంటుంది. ఇంట్లో పిల్ల పక్క ఎంత ఎత్తు వస్తుందో కూడా గీసుకోండి. ఆ కాగితం గోడకి అంటించి, ప్రతి పేజీ అయ్యాక పోల్చుకోండి. పిల్లలు చెవి మారితే ఇట్టే పట్టేస్తారు.

మా మేక మొహం మనిషి మొహంలా వస్తోంది.

కళ్ళ వల్ల. మేక కనుపాప గుండ్రంగా ఉండదు, అడ్డంగా పలకలా ఉంటుంది. పిల్లి కనుపాప ఎండలో నిలువు గీత, చీకట్లో గుండ్రం. కుక్కది గుండ్రం. ఆ ఒక్కటి సరిచేస్తే మొహం దానికదే మారిపోతుంది. మేకకి పై దవడలో ముందు పళ్ళు ఉండవు కాబట్టి రెండు వరుసల పళ్ళతో నవ్వించొద్దు. తడి గచ్చు మీద అడుగులు వేస్తుంటే, కుక్క అడుగులో గోళ్ళు కనిపిస్తాయి, పిల్లి అడుగులో కనిపించవు. అది గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. తెలుపు, నలుపు, గోధుమ మూడు రంగులూ ఉన్న పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. పేరు పెట్టేటప్పుడు గుర్తుంచుకోండి.

అమ్మమ్మ ఇంట్లో పంజరంలో రామచిలుక ఉండేది. దాని మీద చేయొచ్చా?

చేయొచ్చు, పంజరం మాత్రం అందంగా చూపించొద్దు. మన రామచిలుకల్ని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మైనా, నక్షత్ర తాబేలు కూడా పెంచకూడనివే. పుస్తకం చూసి పిల్ల "నాకూ చిలుక కావాలి" అంటే, ఆ చిలుక ఏ చెట్టు తొర్రలోంచో రావాలి. జామచెట్టుకి రోజూ వచ్చి సగం కాయ కొరికి పడేసే చిలుక కూడా ఆ ఇంటిదే కదా. అమ్మమ్మ ఆ సగం కాయ చూసి తిట్టే తిట్లు రాయండి.

మన ఊరు బొమ్మల్లో కనిపించాలంటే ఏం పెట్టాలి?

పేరు పలక రాసిపెడితే ఊరు రాదు. కుక్క ఎక్కడ తిరుగుతుందో అవి వేయండి. మహేంద్రతనయ ఒడ్డున ఇసుక, బట్టలు ఉతికే రాయి, దూరంగా కొండలు. మా ఊరి కళాకారులు కొమ్ముతో చెక్కే కొంగలు, రొయ్యలు ఉన్న అద్దాల అల్మరా. మూకుడులో చోడి (రాగి) అంబలి, పక్కింట్లో పఖాళ (ఒడియావాళ్ళ నీళ్ళన్నం) గిన్నె, రెండిళ్ళ మధ్య గోడ మీద పిల్లి. ఒక తాత తన కథలో, నౌపడా నుంచి 1900లో మా ఊరు వచ్చిన చిన్న లైను (నేరోగేజ్) రైలు బండిని వేశారు. ఇప్పుడు అది పెద్ద లైను. ఆ చిన్న బండి వెంట తన కుక్క పరిగెత్తేదని మనవడికి చెప్పడానికే ఆయన పుస్తకం చేశారు.

ఏఐతో బొమ్మలు వేయిస్తే తొందరగా అయిపోతుంది కదా?

అయిపోతుంది. నేను చూసిన వాటిలో చిరిగిన చెవి ఒక పేజీలో ఎడమ, ఇంకో పేజీలో కుడి ఉంది. మన వంటిల్లు అడిగితే ఎక్కడిదో వంటిల్లు వచ్చింది. పైగా మీరు మూడు రోజులు కూర్చుని చూసిన మీ కుక్క అందులో ఉండదు. పిల్లతో కలిసి వేసిన వంకర బొమ్మే నాకిష్టం.

గూగుల్‌లో దొరికిన ఫొటో చూసి వేయొచ్చా?

మీ ఫోన్‌తో మీ జంతువుని తీసి వేసుకోండి. ఇంకొకరి ఫొటోని అలాగే దింపితే అది వాళ్ళ హక్కు మీద చెయ్యి వేసినట్టే. కాలు ఎలా వంగుతుందో తెలుసుకోవడానికి నాలుగైదు ఫొటోలు చూడటంలో తప్పు లేదు. ఫొటో తీసేటప్పుడు మీరు కూడా నేల మీద కూర్చోండి. పైనుంచి తీస్తే అన్ని కుక్కలూ ఒకేలా ఉంటాయి.

## పేజీలు కట్టడం, అచ్చు

టైప్ చేసిన మాటలు ప్రెస్సుకెళ్ళేసరికి ఒత్తులు విడిపోయాయి. ఎందుకలా?

నాకూ జరిగింది కాబట్టి వివరంగా చెబుతాను. ఫోన్‌లో మనం టైప్ చేసేది యూనికోడ్, అంటే ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా అను ఫాంట్ల లాంటి పాత పద్ధతి నడుస్తోంది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు అక్షరాలు చెదురుతాయి. యూనికోడ్‌లోనే ఉంచినా, పేజీ కట్టే సాఫ్ట్‌వేర్‌కి భారతీయ లిపులు కలపడం తెలియకపోతే ఒత్తు కిందికి దిగదు, పొల్లు పక్కన అక్షరం నిలబడుతుంది. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవాలి. ఉచితంగా దొరికే స్క్రైబస్ కొత్త వెర్షన్లు తెలుగుని సరిగ్గానే కలుపుతాయి.

నా రెండో పుస్తకం 100 కాపీలు ఒక ప్రెస్సులో వేయించాను. ప్రూఫు ఫోన్‌లో చిన్న బొమ్మగా పంపారు, చూసి సరే అన్నాను. కట్ట విప్పితే ప్రతి పేజీలో "కుక్క" రెండు ముక్కలై ఉంది. మొత్తం మళ్ళీ వేయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి కాగితం మీద ప్రింటు తీసిన ప్రూఫు చూడకుండా ఒప్పుకోను. దాన్ని పిల్లలతో గట్టిగా చదివిస్తాను. చివరి పీడీఎఫ్‌లో అక్షరాల్ని గీతలుగా మార్చి పంపుతాను, అప్పుడు ఇంక అవి కదలవు.

ఏ ఫాంటు వాడాలి? ఎంత సైజు?

మండలి, నోటో సాన్స్ తెలుగు చదవడానికి తేటగా ఉంటాయి. పేరు పేజీకి గిడుగు అన్న ఫాంటు చూడండి, మన రామమూర్తి గారి పేరే. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, అమ్మే పుస్తకానికైనా వాడుకోవచ్చు. సైజు 18 నుంచి 24 పాయింట్ల మధ్య. తెలుగులో ఒత్తు కిందికి, గుడి పైకి వెళ్తాయి కాబట్టి వరుసల మధ్య ఎడం బాగా ఇవ్వండి. బొమ్మ మీద అక్షరాలు వేస్తే వెనక ఒకే రంగు ఉండాలి.

కాగితం మీద బాగున్న రంగులు అచ్చులో వెలిసిపోయినట్టు వస్తున్నాయి.

ఫోన్ తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో వేస్తుంది. మెరిసే ఆకుపచ్చ, ముదురు గులాబీ ఆ సిరాల్లో రావు. ఫైలుని ముందే సీఎంవైకేలోకి (ఆ నాలుగు సిరాల రంగుల పద్ధతిలోకి) మార్చి చూసుకుంటే ఆశాభంగం ఉండదు. బొమ్మని 300 డీపీఐకి (అంగుళానికి చుక్కల లెక్క) తగ్గకుండా స్కాన్ చేయించండి. స్కానర్ దొరక్కపోతే, పొద్దున పదింటి వేళ నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ కాగితానికి సరిగ్గా ఎదురుగా పట్టుకుని తీయండి. బొమ్మ అంచు దాకా వెళ్తుంటే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ వేయాలి, కత్తిరింపులో పోతుంది. కుక్క మొహం రెండు పేజీల మధ్య మడతలో పడకుండా చూసుకోండి.

ఎన్ని కాపీలు వేయించాలి, ఎలాంటి కాగితం?

మొదటిసారి డిజిటల్‌లో 20, 30 చాలు. ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి వేసే అచ్చు) గిట్టుబాటు కావాలంటే వందల్లో వేయాలి, అన్ని పంచే దారి ఉంటేనే అటు వెళ్ళండి. లోపలికి 130 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మ్యాట్, అంటే మెరుపు లేని కాగితం, అట్టకి 250 లేదా 300. మెరుపు కాగితం రాత్రి లైటు కింద కళ్ళకి కొడుతుంది. సైజు క్రౌన్ షీటులో నాలుగో వంతు (సుమారు ఏడున్నర, పది అంగుళాలు) అయితే పిల్ల ఒళ్ళో సరిపోతుంది, ఇద్దరు కలిసి చూడొచ్చు.

## అచ్చయ్యాక

ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకానికీ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) తప్పనిసరా? ఎంత ఖర్చు?

ఇంట్లోకి, బంధువులకి అయితే అక్కర్లేదు. కొట్లలో, ఆన్‌లైన్లో అమ్మాలంటే తీసుకోండి. మన దేశంలో అది ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్లో సొంతంగా అప్లై చేసుకోవచ్చు. అచ్చు వేయకముందే తీసుకోవాలి, నంబరు వెనక అట్ట మీద రావాలి కదా. ప్రచురించిన పుస్తకం కాపీని 30 రోజుల్లోగా కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి పంపాలని 1954 చట్టం చెబుతోంది. చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని లైబ్రరీలకీ ఒక్కో కాపీ పంపాలి. మన వీధి కుక్క పుస్తకం నేషనల్ లైబ్రరీలో ఉంటుందని చెబితే పిల్లల మొహాలు చూడాలి.

బొమ్మలు వేరే అబ్బాయితో వేయించాను. హక్కులు ఎవరివి?

ఒక్క పేజీ కాగితమైనా రాసుకోండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కులు ఇచ్చిపుచ్చుకోవడం రాతపూర్వకంగానే జరగాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే ఇచ్చినట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టు లెక్క. రెండో ముద్రణకి ఎంత ఇస్తారో, అసలు బొమ్మలు ఎవరి దగ్గర ఉంటాయో కూడా రాయండి. అట్ట మీద ఆ అబ్బాయి పేరు మీ పేరంత అక్షరాల్లోనే ఉండాలి.

డబ్బు పెట్టలేం. ఉచితంగా అందరికీ చేరే దారి ఉందా?

ప్రథమ్ బుక్స్ అనే పిల్లల పుస్తకాల సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అన్న వెబ్‌సైటు ఉంది. తెలుగు, ఒడియా రెండింట్లోనూ పెట్టొచ్చు. అందులో పెట్టే పుస్తకం మీద, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా అన్న అనుమతి ఇచ్చినట్టే. ఇంట్లో పాప పేరు, ఊరు, బడి కనిపించే పేజీలు ఉంటే మార్చి పెట్టండి.

పిల్లలు పుస్తకం చింపేస్తున్నారు. అట్ట కూడా ఊడిపోయింది.

సెల్లోటేప్ వేయొద్దు, ఏడాదికే పసుపెక్కి కాగితాన్ని పాడుచేస్తుంది. పల్చటి కాగితం పట్టీలు కత్తిరించి మైదా జిగురుతో వెనక నుంచి అతికించండి, జిగురులో చిటికెడు మైలతుత్తం వేస్తే పురుగు పట్టదు. మైలతుత్తం విషం కాబట్టి ఆ పని పెద్దవాళ్ళే చేయాలి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల పుస్తకానికైతే వేయొద్దు. బూడిద పుస్తకం మొదటి కాపీకి ఇప్పటికి మూడు సార్లు వెన్ను కట్టాను. ఇన్వర్టర్ పేజీ మూల పూర్తిగా అరిగిపోయింది, పిల్లలు ఆ పిల్లిని వేలితో నిమురుతూనే ఉంటారు.